పాలెగాడు: రాయలసీమలో కావలి, కొల్ల, కీర్తి

విజయనగర కాలం నుంచి 19వ శతాబ్దం తొలి ఏళ్ళ దాకా రాయలసీమలో కొన్ని ఊళ్ళ కావలినీ, పన్ను వసూలునూ, ఆయుధాలు పట్టిన బంట్లనూ ఒకే చేతిలో పెట్టుకున్న స్థానిక నాయకుణ్ణి పాలెగాడు అంటారు. పాళెం అంటే దండు విడిసిన చోటు. తమిళంలో పాళయక్కారర్, కన్నడంలో పాళెయగార, ఈస్టిండియా కంపెనీ దొరల కాగితాల్లో పోలిగార్, అన్నీ ఆ మాటకు చుట్టాలే. ఊళ్ళను, దారులను దొంగల నుంచి కాపాడటం అతని కొలువు. ఆ కొలువులో ఉంటూనే ఊళ్ళను కొల్లగొట్టినవాడని అతని మీద చరిత్రలో ముద్ర పడింది. తర్వాత వచ్చిన పాటలు అతన్నే వీరుణ్ణి చేశాయి. కర్నూలు, నంద్యాల, కడప పల్లెల్లో ఈ మూడు అర్థాలూ ఇంకా బతికే ఉన్నాయి. అందరి మీదా పెత్తనం చేసేవాణ్ణి పాలెగాడని తిడతారు, ఎవరికీ లొంగనివాణ్ణీ పాలెగాడనే మెచ్చుకుంటారు.

చట్టాన్ని కాపాడేవాడే దుర్మార్గుడిగా మారడం అమెరికన్ కామిక్ పుస్తకాలకు ఇష్టమైన కథ. వాటిలో పేరుమోసింది టూ-ఫేస్ కథ. బాబ్ కేన్, బిల్ ఫింగర్ సృష్టించిన ఈ పాత్ర 1942 ఆగస్టు నాటి డిటెక్టివ్ కామిక్స్ 66వ సంచికలో మొదటిసారి కనిపించింది. హార్వీ అనే నిజాయితీపరుడైన ప్రభుత్వ ప్రాసిక్యూటర్ మీద కోర్టులోనే ఒక ముఠా నాయకుడు యాసిడ్ చల్లుతాడు. సగం ముఖం కాలిపోతుంది. అప్పట్నుంచి, రెండు వైపులా బొమ్మే ఉండి ఒక వైపు గీతలు పడ్డ వెండి నాణేన్ని ఎగరేసి మంచి చేయాలో చెడు చేయాలో తేల్చుకుంటాడు. మొదట్లో అతని ఇంటిపేరు కెంట్, తర్వాత డెంట్ అయింది. 2008లో వచ్చిన ది డార్క్ నైట్ సినిమాతో ఆ కథ మన ఊళ్ళ కుర్రాళ్ళకూ చేరింది. ఆ కథలో మార్పు ఒక్క మనిషికి, ఒక్క గాయంతో వస్తుంది. సీమలో మాత్రం ఆ మార్పుకు రెండు వందల ఏళ్ళు పైనే పట్టింది. పాలెగాడి గుండె ఎప్పుడు చెడిందని వెతికితే జవాబు దొరకదు. అతని కావలి కూలి ఏ దారిన వచ్చేది, ఆ దారి ఎప్పుడు, ఎవరి చేతిలో మూసుకుపోయింది అని చూస్తే కథంతా విప్పుకుంటుంది.

కావలి, మేర, పూచీ

కావలి రెండంచెలుగా సాగేది. ఊరి లోపల, పొలాల్లో, కల్లాల్లో తలారి కాపు కాసేవాడు. ఊళ్ళ మధ్య దారులు, కనుమలు, అడవి అంచులు పాలెగాడి బంట్లవి. ఈ బంట్లలో బోయలు ఎక్కువ. నల్లమల, ఎర్రమల కొండల మధ్య ఇరుకు దారుల్లో ఎడ్లబండ్లు, బిడారులు, యాత్రికులు వీళ్ళ కంటి కిందే నడిచేవాళ్ళు.

కూలి డబ్బుగా కాక పంటగానే ముట్టేది. జొన్న తూర్పారబట్టి కల్లంలో రాశి పోశాక, ఆ రాశి ఇల్లు చేరేలోపు అందులోంచి మేరలు తీసేవాళ్ళు. వడ్లంగికి, కమ్మరికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి ఎలా తీస్తారో కావలివాడికీ అలాగే తూముకు ఇంతని తీసేవాళ్ళు. దీనికి తోడు పన్ను లేకనో, పేరుకు కొద్దిపాటి పన్నుతోనో సాగు చేసుకునే మాన్యం ఉండేది. అలా మాన్యం పుచ్చుకుని కావలి, బంటుకొలువు చేసేవాళ్ళే కట్టుబడివాళ్ళు. ఈ కథ చివర్లో వాళ్ళు మళ్ళీ వస్తారు.

మేరకు బదులుగా కావలివాడి మీద ఒక పూచీ ఉండేది. దొంగతనం జరిగితే దొంగనైనా పట్టాలి, సొత్తునైనా తేవాలి, రెండూ కాకపోతే దాని ఖరీదు తానే కట్టాలి. ఇది మాటవరసకు ఉన్న నియమం కాదు. ఒక ఇంటి ఎద్దుల జత పోయిందనుకోండి. తెల్లారకముందే తలారి కొట్టం దగ్గర డెక్కల గుర్తులు పట్టుకుని బయల్దేరతాడు. కుందూ ఏటి పక్క నల్లరేగడిలో, వాన వెలిసిన మర్నాడైతే ప్రతి గుర్తూ అచ్చు గుద్దినట్టు ఉంటుంది. ఎర్రమల అంచున గరుసు నేల మీదికి ఎక్కితే విరిగిన పుల్ల, ఎండిన పేడ తప్ప ఆధారం ఉండదు. జాడ పొరుగూరి పొలిమేర దాటిందా, ఆ ఊరి తలారిని పిలిపించి గుర్తు చూపించి అప్పజెబుతాడు. అక్కణ్ణుంచి భారం అవతలివాడిది. తన పొలిమేర నుంచి జాడ బయటికి వెళ్ళిందని చూపలేని కావలివాడు ఎద్దుల ఖరీదు కట్టుకోవలసిందే. జీతగాడైన ఏ పోలీసుకూ ఈనాటి దాకా ఇంత బరువైన పూచీ పెట్టలేదు. దీన్ని కేవలం మోటు పద్ధతిగా కొట్టిపారేసిన కంపెనీ అధికారుల కంటే, దీని బలం గమనించినవాళ్ళ మాటే నాకు సరైనదనిపిస్తుంది.

బలహీనతా అదే పూచీలో ఉంది. సొత్తు తెచ్చివ్వాలంటే దొంగ ఎవరో తెలిసి ఉండాలి. దొంగల రాకపోకలు తెలిసినవాడే మంచి కావలివాడు. ఆ ఎరుక స్నేహంగా మారడానికి, స్నేహం పంపకంగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు. పై రాజు గట్టిగా ఉన్నంతకాలం ఖరీదు కట్టాలన్న భయం కావలివాణ్ణి నిలబెట్టింది. ఆ రాజు చెయ్యి సడలాక కావలి మేర కట్టే ఊళ్ళు క్షేమంగా ఉండి, కట్టని ఊళ్ళ మందలు మాయమవడం మొదలైంది. కాపాడినందుకు ఇచ్చే కూలి, దోచకుండా ఉన్నందుకు ఇచ్చే కప్పంగా మారిపోయింది. కంచే చేను మేయడమంటే ఇదే.

ఈ మలుపు సీమకే ప్రత్యేకం కాదు. లండన్‌లో జొనాథన్ వైల్డ్ అనేవాడు దొంగల్ని పట్టే పెద్దగా చలామణీ అయి, తన మనుషులు దొంగిలించిన సొత్తునే తిరిగి ఇప్పించి బహుమానాలు తీసుకున్నాడు. 1725లో అతన్ని టైబర్న్‌లో ఉరితీశారు. అమెరికాలో మోంటానా గనుల ఊరు బానక్‌లో షెరీఫ్‌గా ఉన్న హెన్రీ ప్లమ్మర్‌ను, దారిదోపిడీ ముఠాకు అతనే నాయకుడని ఆరోపించి 1864 జనవరిలో ఊరివాళ్ళే ఉరితీశారు. అతని నేరం మీద చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. పాలెగాడి మీద వాదమూ అలాంటిదే.

1565 తర్వాత

విజయనగరంలో సైన్యాన్ని పోషించేందుకు నాయకులకు సీమలు ఇచ్చే పద్ధతి ఉండేది. గండికోటలో పెమ్మసానివారు, సిద్ధవటం, చిట్వేలి ప్రాంతంలో మట్లివారు అలా ఎదిగినవాళ్ళే. 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరం కూలి, రాజధాని పెనుకొండకు మారింది. ఆ తర్వాత గోలకొండ, బీజాపూరు, మొగలులు, కడప నవాబులు, కర్నూలు నవాబులు, మరాఠాలు, మైసూరు, నిజాం ఒకరి తర్వాత ఒకరు ఈ నేలమీద పన్ను అడిగారు. 1650 ప్రాంతంలో గోలకొండ మంత్రి మీర్ జుమ్లా గండికోట పట్టుకున్నాడు. రాజు మారిన ప్రతిసారీ ఊరికి తెలిసిన ముఖం మాత్రం పాలెగాడిదే. కావలి అతనిదే, వసూలూ క్రమంగా అతనిదే అయింది. కొండమీద గడీ, చుట్టూ కంపచెట్ల దడి, లోపల వంద మంది బంట్లు ఉన్నవాణ్ణి కదిలించడానికి అయ్యే ఖర్చు కంటే అతనిచ్చే పేష్కష్ అనే కప్పం తీసుకుని వెళ్ళిపోవడమే చాలామంది ప్రభువులకు లాభమనిపించింది.

హైదరాలీ అలా ఊరుకోలేదు. 1779 ప్రాంతంలో కడప నవాబు రాజ్యాన్ని గెలిచాక పాలెగాళ్ళను చాలావరకు అణచాడు, టిప్పు అదే పని సాగించాడు. 1792లో టిప్పు ఓడాక జరిగిన ఒప్పందంలో ఈ నేలలో కొంత నిజాంకు పోయాక, అతని అమీళ్ళ, అంటే వసూలు అధికారుల, చేతకానితనంలో పాత పాలెగాళ్ళు తిరిగొచ్చి పాత గడీలు ఎక్కారు. వేముల, నొస్సం, ఉప్పలూరు, పాణ్యం లాంటి పేర్లు ఆనాటి కాగితాల్లో మళ్ళీ మళ్ళీ వస్తాయి.

పాలెగాళ్ళ పుట్టుక గురించి ఊళ్ళవాళ్ళే చెప్పిన మాటలు కైఫీయతుల్లో ఉన్నాయి. కాలిన్ మెకంజీ 19వ శతాబ్దం తొలి ఏళ్ళలో కరణాల చేత రాయించి సేకరించిన ఆ ఊరి చరిత్రలను చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కరణం పాలెగాణ్ణి రాక్షసుడనీ అనడు, వీరుడనీ అనడు. ఫలానావాడు కావలి పుచ్చుకున్నాడు, చెరువు వేయించాడు, గుడి కట్టించాడు, పొరుగూరి మీద పడి పశువుల్ని తోలుకొచ్చాడు, అని వరసగా ఒకే గొంతుతో రాసుకుంటూ పోతాడు. ఈ విషయం మీద నేను చదివినవాటిలో అంతకంటే నమ్మదగిన గొంతు లేదు. కడపలో సి.పి. బ్రౌన్ నివసించిన చోట వెలసిన గ్రంథాలయం ఈ కైఫీయతుల్ని అచ్చు వేయించి కాపాడటం సీమకు జరిగిన పెద్ద మేలు.

మన్రో

1799లో టిప్పు శ్రీరంగపట్నంలో చనిపోయాక నిజాం తన వంతుకు వచ్చిన భూమిని, కంపెనీ సైన్యం ఖర్చుకింద 1800 అక్టోబరులో కంపెనీకి వదిలేశాడు. అవే దత్త మండలాలు: బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత. కర్నూలు పట్టణం మాత్రం నవాబు చేతిలోనే ఉండి 1839లో కంపెనీ పరమైంది. దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో లెక్క ప్రకారం అప్పటికి అక్కడ ఎనభై మంది పాలెగాళ్ళు, వాళ్ళ కింద ముప్ఫై వేల మంది ఆయుధపాణులు ఉన్నారు.

మన్రో పద్ధతి సూటిగా ఉండేది. ముందు బాకీ లేకుండా పూర్తి పన్ను అడగడం, తర్వాత బంట్లను తగ్గించమనడం, మాట వినకపోతే జనరల్ కాంప్‌బెల్ దళాలను పంపడం. కావలి హక్కు మాత్రం పాలెగాళ్ళ దగ్గర అసలు ఉండకూడదన్నది అతని పట్టుదల. ఏడేళ్ళలో గడీలు కూలిపోయాయి, కొందరు పారిపోయారు, కొందరు పింఛనుదారులయ్యారు. కంపెనీ లండన్ డైరెక్టర్లకు ఈ దూకుడు నచ్చలేదు. తరతరాల హక్కులున్నవాళ్ళను కట్టలేనంత పన్ను అడిగి తిరుగుబాటుకు నెట్టారన్నది వాళ్ళ అభ్యంతరం. పాలెగాళ్ళు రైతును పీల్చేవాళ్ళనీ, తాను రైతును కాపాడాననీ మన్రో వాదించాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

కాపాడేవాడు ఎదురుతిరిగిన కథలన్నీ పాలెగాళ్ళవే కావు. ఇప్పటి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలోని తెర్నేకల్లులో 1801లో శిస్తు వసూలుకు వచ్చిన తహసీల్దారును, అతని మనుషులను ఊరివాళ్ళు చంపేశారు. ఊరి కోట మీద కంపెనీ దళం చేసిన మొదటి దాడి నిలవలేదు. ఫిరంగులు తెప్పించాక కోట పడింది. ఊరిపెద్ద ముత్తుకూరు గౌడప్పను ఉరితీశారని అక్కడివాళ్ళు తలుచుకుంటారు. ఆ పడమటి పల్లెల్లో గౌడు అంటే గ్రామపెద్ద. శిస్తు కట్టించాల్సినవాడూ, ఊళ్ళో తగాదా తీర్చాల్సినవాడూ అతనే. కంపెనీ కాగితాల్లో అతను హంతకుడు. తెర్నేకల్లుకు అతను కడదాకా ఊరి వైపు నిలబడ్డ అధికారి.

మన్రోకీ సీమలో రెండు ముఖాలు లేకపోలేదు. మద్రాసు గవర్నరుగా పర్యటిస్తూ 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. రైతువారీ తెచ్చి నేరుగా రైతుతో లెక్క చూసుకున్న దొర అన్న అభిమానంతో ఆ పక్క ఊళ్ళలో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. గడీలు పోగొట్టుకున్న ఇళ్ళల్లో ఆ పేరు పెట్టుకుని ఉండరు.

కట్టుబడివాళ్ళు

పాలెగాళ్ళ కథ ఇక్కడితో ఆపేసే చరిత్రలు చాలా ఉన్నాయి. అసలు కష్టం ఇక్కడే మొదలైంది. ముప్ఫై వేల మంది బంట్లు ఏమయ్యారు? కొందరిని మన్రో కట్టుబడి మాన్యాల మీద ఊరికావలికి నిలబెట్టాడు. 1816 నాటి 11వ రెగ్యులేషన్‌తో ఊరి పోలీసు బాధ్యత గ్రామ మునసబులకు, వాళ్ళ కింద తలారులకు వచ్చింది. కాగితం మీద అది మంచి ఏర్పాటే. అయితే ఆ మాన్యాలు కంపెనీ లెక్కల్లో నష్టంగా కనిపించాయి. కట్టుబడిదారు చనిపోగానే అతని కొడుక్కి కొనసాగించకుండా మాన్యాన్ని ఖాల్సా, అంటే ప్రభుత్వపరం, చేయడం మొదలైంది. తాత కాలం నుంచి ఊరి గడ్డివాములు, కల్లాలు కాసిన ఇంట్లో ఆ ఏడాది గింజలు రావు. అయినా ఊళ్ళో దొంగతనం జరిగితే జనం చూసేది ఆ ఇంటి వైపే, మొదట కాపాడమని, తర్వాత అనుమానంతో.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటును ఈ వెలుగులో చూడకపోతే అది ఒక పింఛను తగాదాగా మిగిలిపోతుంది. అతని తాత జయరామిరెడ్డి నొస్సం పాలెగాడు. పాలెం పోయాక మిగిలిన తవర్జీ, అంటే భరణం, తాతతోనే ఆగిపోయింది. నరసింహారెడ్డి వంతుకు పింఛనుగా వచ్చింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆ డబ్బు కోసం పంపిన మనిషిని కోవెలకుంట్ల తహసీల్దారు అవమానించాడని పాటలు చెబుతాయి. అవమానం ఎంత నిజమైనా, ఒక్క మనిషి కోపానికి వేల మంది బరిసెలు పట్టరు. అతని వెనక నడిచినవాళ్ళలో మాన్యాలు పోయిన కట్టుబడివాళ్ళే ముఖ్యులు. నిన్నటిదాకా ప్రభుత్వం తరఫున ఊళ్ళు కాసినవాళ్ళు 1846 జులైలో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు. చట్టం కావలిని వాళ్ళు వదులుకోలేదు, చట్టమే వాళ్ళకు కావలి కూలి ఆపేసింది.

మూడు నెలలు నల్లమల, ఎర్రమల కనుమల్లో సాగిన పోరు 1846 అక్టోబరు 6న పేరుసోముల దగ్గరి కొండల్లో అతను పట్టుబడటంతో ముగిసింది. తిరుగుబాటు, హత్య, దోపిడీ నేరాలు మోపి 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో జుర్రేరు ఒడ్డున, కడప కలెక్టరు కాక్రేన్ ఎదుట ఉరితీశారు. కూడిన జనం రెండు వేల పైమాటే. తలను కోట గుమ్మానికి ఇనుప బోనులో వేలాడదీశారు. 1877 దాకా, ముప్ఫై ఏళ్ళు, అది అక్కడే ఉంది. ధాత కరువులో సీమ ఎండి మాడిన రోజులవి. కోవెలకుంట్ల సంతకు గింజల కోసం నడిచొచ్చిన జనం ఆ గుమ్మం మీద ఎండిన తలను చూస్తూ లోపలికి పోయి ఉంటారు. ఈ వ్యాసం కోసం చదివినవాటిలో నా కళ్ళ ముందు నుంచి కదలని దృశ్యం ఇదే.

జీతం వచ్చే పోలీసు

1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. నెల జీతం తీసుకుని, ఊరికి పరాయివాడై, పూచీ లేకుండా పనిచేసే కానిస్టేబులు అప్పుడు పుట్టాడు. ఆ పక్కనే ఇనాం కమిషన్ మిగిలిన మాన్యాలన్నిటినీ తవ్వి లెక్క తేల్చింది. పాత కావలి కులాల మీద అనుమానం మాత్రం పోలేదు, చట్టంగా గట్టిపడింది. 1871 నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ విస్తరించి, కొన్ని కులాల్లో పుట్టిన ప్రతివాడినీ పోలీసు పట్టీలో పెట్టారు. కర్నూలు జిల్లా సిద్ధాపురంలో అలాంటివాళ్ళ కోసం ఒక సెటిల్‌మెంటూ నడిచింది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. కావలి కాసినవాళ్ళ మనవళ్ళు రాత్రిపూట హాజరు పలకాల్సి రావడం ఈ కథలో అన్నిటికంటే క్రూరమైన భాగం. అందులో పాలెగాడి పాపం ఎంతో, ప్రభుత్వాల పాపం ఎంతో తూచితే ప్రభుత్వం పళ్ళేనిదే బరువని నేననుకుంటాను.

ఇరవయ్యో శతాబ్దపు ముఠా తగాదాలను సూటిగా పాలెగాళ్ళకు అంటగట్టడం సినిమాలకు అలవాటైంది. ఊరి మీద పట్టు కోసం బలాన్ని పోగేసే పద్ధతిలో పోలిక ఉంది. కానీ కాంట్రాక్టులు, సారా వేలాలు, ఎన్నికలు పాలెగాడికి తెలియని సంగతులు. ఆ తగాదాలకు తిండి పెట్టింది అవే. ఎనభై మంది నాయకుల పేరు చెప్పి ఒక నేల మొత్తాన్ని రక్తపు నేల అనడం అన్యాయం.

నరసింహారెడ్డి మీద కుందూ పక్క రేనాటి పల్లెల్లో పాడుకున్న పాటలను, కరువులో అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి పాటలతో కలిపి తంగిరాల వెంకట సుబ్బారావు రేనాటి సూర్యచంద్రులు పేరుతో గ్రంథం చేశారు. 2019 అక్టోబరులో చిరంజీవి నటించిన సైరా నరసింహారెడ్డితో ఆ పేరు దేశమంతా వినబడింది. సినిమాలో కట్టుబడి మాన్యాల గొడవ కంటే కత్తుల పోరు పెద్దదైంది. 2021 మార్చిలో ఓర్వకల్లు దగ్గర మొదలైన కర్నూలు విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు.

తలారి మాత్రం మిగిలాడు. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయినా, ఊరి సేవకుడు గ్రామ రెవెన్యూ సహాయకుడనే కొత్త పేరుతో కొనసాగుతున్నాడు. కోవెలకుంట్ల, జమ్మలమడుగు పల్లెల్లో ఇప్పటికీ అతన్ని తలారి అనే పిలుస్తారు. చెరువు కట్ట తెగినా, పొలిమేర రాయి కదిలినా, తెలియని శవం ఒడ్డుకు కొట్టుకొచ్చినా మొదట కబురు వెళ్ళేది అతనికే. కల్లంలో మేర తీసే రోజులు పోయి నెలకు గౌరవ వేతనం వచ్చే రోజులొచ్చాయి. దాన్ని జీతంగా మార్చమని తలారులు కలెక్టరేట్ల ముందు టెంటు వేసుకుని కూర్చుంటున్నారు.